నలభై ఒకటో పెట్టె

ఫిబ్రవరి 11, 1958

చేతిరాత బాగుపడాలంటే రోజూ నాలుగు ముక్కలు రాయాలని బళ్ళో చెప్పేవాళ్ళు. నేను ఆరేళ్ళే చదివాను. తర్వాత పెళ్ళయ్యేదాకా పూలగడ్డల షెడ్డులో తొక్క ఒలిచే బల్ల దగ్గరే కూర్చున్నాను. ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించను. పిండి డబ్బా వెనక దాస్తాను.

పెళ్ళయి ఐదు నెలలైంది. మా ఆయన ఆరీ పగలంతా ఒక పెద్ద రైతు దగ్గర గడ్డల పని చేస్తాడు. ఇంటికొచ్చాక పెరట్లో మళ్ళీ అదే పని. మా పెరట్లో క్యాబేజీకి కూడా చోటు లేదు. నేలలోకి దించిన చెక్కపెట్టెలు డెబ్బై, ఒక్కో పెట్టెలో ఒక్కో రకం క్రోకస్ పూలు. అన్నీ అతను విత్తనం వేసి పెంచినవే. ఒక మూల తెల్లటి స్నోడ్రాప్ పూలు కూడా ఉన్నాయి కానీ వాటిని అతను లెక్కపెట్టడు.

డెబ్బై పెట్టెలకి డెబ్బై లేబుళ్ళు. అన్నీ డీనా రాసినవే.

డీనా మాకు రెండిళ్ళవతల ఉంటుంది. టీచర్. పెళ్ళి చేసుకోలేదు. ఏడేళ్ళుగా ఆరీ లేబుళ్ళు ఆమే రాస్తోంది. అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. నేను బట్టలారేయడానికి వెళ్ళినప్పుడల్లా డెబ్బై చోట్ల ఆమె కనిపిస్తుంది.

ఫిబ్రవరి 19

నలభై ఒకటో పెట్టె పూసింది. తొమ్మిది పూలు. లోపల పాల తెలుపు. రేకుల వెనక ఊదా రంగు ఈకలు గీసినట్టు. గొంతులో నారింజ రంగు.

పిచ్చుకలు పొడవకుండా పెట్టెల మీద నల్లదారం కడదామని నేను బయటికొచ్చాను. ఆరీ బురదలో బోర్లా పడుకుని, చెంప నేలకానించి ఆ పూలని చూస్తున్నాడు. నన్ను చూడలేదు. లేచి, చెక్కజోళ్ళు కూడా వేసుకోకుండా మేజోళ్ళతోనే వీధిలోకి పరుగెత్తాడు. డీనాని పిలుచుకొచ్చాడు. రంగులు సరిగ్గా రాసిపెట్టడానికట.

దారపు ఉండ పట్టుకుని నేను వంటింటి కిటికీ దగ్గరే నిలబడ్డాను.

ఫిబ్రవరి 20

ఆమె కోటు ఎరుపు.

ఫిబ్రవరి 27

ఈ రోజు అత్తయ్య పుట్టినరోజు. అరవై తొమ్మిది. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి కాఫీ, కేకు పెట్టాను. పూల సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు నలభై ఒకటి చూడటానికొచ్చి, కేకు కూడా తిని వెళ్ళారు. బాగుందన్నారు. వచ్చే ఏడు కూడా ఇదే రంగులో పూస్తే కొత్త రకాల పుస్తకంలోకి ఎక్కిస్తామని, ఈలోగా పేరు ఆలోచించుకోమని చెప్పారు.

ఇక్కడ కొత్త పువ్వు తెచ్చినవాడు దానికి పెళ్ళాం పేరు పెడతాడు. లేదంటే రాణిగారి పేరు. రొట్టెల కొట్టావిడ నా మోచేయి పొడిచి, ఏమే నేల్, ఇంక నిన్ను పట్టుకోలేం, పువ్వువైపోతున్నావుగా అంది. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. తలెత్తి చూస్తే ఆరీ నవ్వడం లేదు. డీనా వైపు చూస్తున్నాడు.

మార్చి 8

ధైర్యం చేసి అడిగాను. లేబుళ్ళు నేను రాయనా అని.

నీకు చేతినిండా పనుంది కదా నేల్ అన్నాడు ఆరీ. మెత్తగానే అన్నాడు. అత్తయ్యకి మెత్తదనం రాదు. నీ రాత నేను చూశానమ్మా, కొట్టు చీటీలో ఉప్పు అని రాశావో పప్పు అని రాశావో కొట్టువాడికే తెలియలేదు, కోడి కెలికినట్టుంది అంది.

డీనా అక్కడే ఉంది. రా నేల్, సాయంత్రాలు వస్తే నేను నేర్పిస్తాను అంది. అత్తయ్య మాట కంటే అదే ఎక్కువ మండింది.

ఏప్రిల్ 15

పూలు ఎప్పుడో రాలిపోయాయి. ఇప్పుడు ఆకులే. పచ్చగడ్డిలా ఉంటాయి. వాటిని కోయకూడదు. ఆకు దానంతటది పండి వాడేదాకా ఉంటేనే కింద గడ్డ ఊరుతుంది.

మధ్యాహ్నం కాఫీ పట్టుకుని షెడ్డు దగ్గరికెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. డీనా అడుగుతోంది, పేరు తేల్చావా లేదా అని. ఎప్పుడో తేల్చాను, నువ్వు మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా నోరు జారకు అన్నాడు ఆరీ. నేనెందుకు చెప్తాను, ఆ రోజు మీవాళ్ళ మొహాలు చూడాలి అని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. నా దగ్గర అతను అలా నవ్వగా వినలేదు.

కాఫీ కంచె మొదట్లో పారబోశాను. తీసుకెళ్ళడం మర్చిపోయానని చెప్పాను.

ఏప్రిల్ 16

డీనా. రెండే అక్షరాలు. పువ్వు పేరుకి బాగా కుదురుతుంది.

జూన్ 22

మూడు రోజుల క్రితం ఆకులన్నీ వాడిపోతే పెట్టెలు పైకి తీసి, ఆరడానికి షెడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చాం. ఇప్పుడు అన్ని పెట్టెల్లోనూ ఒకే మట్టి. ఏది ఏదో చెప్పేది లేబుల్ ఒక్కటే.

అందరూ చర్చికి వెళ్ళారు. తలనొప్పిగా ఉందని నేను ఉండిపోయాను.

అరవయ్యో పెట్టెలో ఉన్నది మామూలు పసుపు రకం. ఈ ఊళ్ళో ఏ గుమ్మం ముందు చూసినా అదే. పారేయాలని ఆరీ దాని లేబుల్ మీద ఎర్ర గీత పెట్టాడు. ఆ లేబుల్ తీసి నలభై ఒకటో పెట్టెలో గుచ్చాను. నలభై ఒకటి తీసి అరవైలో గుచ్చాను.

పారేయాలని కాదు. రాసి పెట్టుకుంటున్నాను, పారేయాలని మాత్రం కాదు. వచ్చే ఫిబ్రవరిలో డీనా పేరుతో పసుపు పువ్వు పూయాలి. పిచ్చుకలు దాన్ని పీకి పెట్టాలి. అంతే. అసలు గడ్డలు తర్వాత నేనే ఎక్కడో దొరికాయని చూపిద్దామనుకున్నాను.

వాళ్ళు వచ్చేసరికి బంగాళాదుంపలు ఉడికించి ఉంచాను. తలనొప్పి నిజంగానే వచ్చింది.

జూలై 5, ఉదయం పదకొండు

నాలుగు రోజులుగా నేనే మట్టి దులిపి, పాత తొక్క, ఎండు వేళ్ళు ఒలుస్తున్నాను. ఈ ఇంట్లో నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే. నలభై ఒకటి అన్న పళ్ళెంలో పద్నాలుగు గడ్డలొచ్చాయి. తొమ్మిది పద్నాలుగు అయ్యాయని ఆరీ మురిసిపోయి నా తల మీద ముద్దు పెట్టాడు. అవి అరవయ్యో పెట్టెలోవి. అసలు నలభై ఒకటో రకం గడ్డలు పదకొండయ్యాయి. అవి ఎర్ర గీత పళ్ళెంలో ఉన్నాయి.

ఆ ముద్దు తర్వాత నాకు చేతులాడలేదు. భోజనాలయ్యాక మార్చేద్దాం అనుకున్నాను.

అదే రోజు, సాయంత్రం ఐదు

అత్తయ్య ఎర్ర గీత పళ్ళేలన్నీ పట్టుకెళ్ళి కాలువ గట్టున చెత్తకుప్ప మీద బోర్లించింది. నేను పొయ్యి మీద కూర కలుపుతున్నాను. అంతసేపే. ఎన్నాళ్ళు అడ్డంగా పెట్టుకుంటాం, పీడ వదిలింది అంది చేతులు దులుపుకుంటూ.

జూలై 6

చెత్త పారేసే వంకతో కుప్ప దగ్గర కూర్చున్నాను. మూడొందల గడ్డలైనా ఉంటాయి. పెద్ద ఊదా రకాల తొక్క వలలా ఉంటుంది, గీసుకుంటుంది. నలభై ఒకటి తొక్క నున్నగా ఉండి, అడుగున వేలుగోరు అంచులా ఒక వలయం ఉంటుంది. ఏడేళ్ళు బల్ల దగ్గర కూర్చున్న వేళ్ళు ఇవి. కళ్ళు మూసుకున్నా చెబుతాయి. లాటిన్ పేర్లు రాసే డీనాని ఇక్కడ కూర్చోబెట్టండి, చూద్దాం.

తొమ్మిది దొరికాయి. రెండు దొరకలేదు.

ఏప్రన్ జేబులో వేసుకుని షెడ్డు అటక మీదికి బయల్దేరాను. గడ్డలు ఎండబెట్టే అర దగ్గర పసుపు వాటితో మార్చేస్తే అయిపోతుంది. నిచ్చెన సగం ఎక్కాను. పైన డీనా గొంతు. కొత్త లేబుళ్ళు రాస్తోంది. ఆరీ ఒక్కో నంబరూ చదువుతున్నాడు. నలభై ఒకటి దగ్గర ఆగి, దీన్ని జాగ్రత్తగా రాయి అన్నాడు.

దిగిపోయాను.

సెప్టెంబర్ 20

పసుపు గడ్డలు పద్నాలుగింటినీ ఆరీ మంచి ఇసుక జల్లించి నాటాడు. ఎలుకలు రాకుండా పైన తీగ వల బిగించాడు. అంత శ్రద్ధగా అతను నాకు శాలువా కూడా కప్పలేదు.

నా తొమ్మిదింటినీ వంటింటి కిటికీ కింద, గోడవారన నాటాను. ఏం పెడుతున్నావ్ అని అత్తయ్య అడిగితే కొత్తిమీర అన్నాను.

డిసెంబర్ 3

కొత్తిమీర రాలేదేం అని అత్తయ్య అడిగింది.

ఫిబ్రవరి 16, 1959

కిటికీ కింద తెల్లటి మొనలు తొమ్మిది. గోడ వెచ్చదనానికి ముందే వచ్చేశాయి. పైన బోర్లించిన బుట్ట పెట్టాను.

ఫిబ్రవరి 22

నలభై ఒకటో పెట్టెలో మొదటి మొగ్గ విచ్చింది. పసుపు.

ఆరీ దాని ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుని, అమ్మ వినట్లేదుగా అని అడిగాడు. చర్చి ఆడవాళ్ళతో కూర్చుందని చెప్పాను. అప్పుడు చెప్పాడు. ఆ పువ్వు పేరు లైస్‌బెత్ అట.

లైస్‌బెత్ మా అత్తయ్య.

నాన్న పోయాక మా అమ్మ పద్దెనిమిదేళ్ళు తొక్క ఒలిచి నన్ను పెంచింది నేల్, నీలాగే ఆ బల్ల దగ్గరే కూర్చుంది, ఎవరూ ఆమెకి ఏదీ ఇవ్వలేదు అన్నాడు. ఈ శుక్రవారం డెబ్బై నిండుతాయి, సంఘం వాళ్ళు వస్తారు, అందరి ముందూ చెబుదామనుకున్నాను, డీనాకి తప్ప ఎవరికీ చెప్పలేదు, నీకు చెబితే నీ మొహంలో అమ్మ ఇట్టే చదివేస్తుంది, అందుకే దాచాను అన్నాడు. ఏడుస్తున్నాడు. నేను అతని ఏడుపు చూడటం ఇదే మొదలు.

తన పేరున్న పువ్వుని అత్తయ్యే కాలువ గట్టున పారబోసింది. పారబోయించింది నేను.

చెప్పకుండా ఉండొచ్చు. గడ్డలు తారుమారయ్యాయంటే నమ్ముతాడు. కిటికీ కింద బుట్ట తీసి, అరే ఇవేంటి అంటే సరిపోతుంది. అలాగే చేద్దామనుకుని లేచాను. కానీ నోట్లోంచి నిజమే వచ్చింది. చర్చి, తలనొప్పి, లేబుళ్ళు, కుప్ప, అన్నీ చెప్పేశాను. ఎందుకు చేశానో అది మాత్రం పూర్తిగా చెప్పలేకపోయాను. డీనా పేరనుకున్నాను అన్నాను. అంతే.

బుట్ట తీసి చూపించాను. తొమ్మిది మొగ్గలు. వెనక ఊదా ఈకలు.

ఆ కుప్పలోంచి, చేత్తోనా అన్నాడు. అవునన్నాను.

ఫిబ్రవరి 24

ఆరీ బఠాణీల సూప్ తిన్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

ఫిబ్రవరి 26

ఆరీ ఆ మొగ్గల్ని మట్టిగడ్డతో సహా లేపి, అత్తయ్య కేకు కాల్చే పళ్ళెంలో పెట్టాడు. నా పళ్ళెం ఏదే అని ఆమె ఇల్లంతా వెతుకుతోంది.

డీనా వచ్చింది. ఆరీ ఆమెకి చెప్పేశాడని చూడగానే తెలిసింది. ఏమీ రాయని లేబుల్ నా ముందు పెట్టింది. ఇది నువ్వే రాయి నేల్, నేను రాస్తే మళ్ళీ ఎక్కడికి నడిచి వెళ్తుందో అంది. తల వంచుకున్నాను. పెన్సిల్ గట్టిగా నొక్కు, వానకి పోదు అంది. ఆమె ఎదురుగానే రాశాను. ఆరీ తలుపు దగ్గర నిలబడి చూశాడు. లేబుల్ తీసుకుని, ఊది, పళ్ళెంలో గుచ్చాడు.

ఫిబ్రవరి 27

కుర్చీలు గుండ్రంగా వేశాను. కాఫీ, కేకు. ఆనవాయితీ ప్రకారం వచ్చినవాళ్ళంతా అత్తయ్య చేయి పట్టుకుని, తర్వాత నా చేయి పట్టుకుని, మీ అత్తగారికి డెబ్బై, నీకూ శుభాకాంక్షలు అన్నారు. ఆరీ పళ్ళెం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. సంఘం పెద్దాయన పేరు చదివాడు.

అత్తయ్య పళ్ళెం అంచు తడిమింది. తర్వాత, నా పళ్ళెం ఇక్కడుందా అంది. కళ్ళు తుడుచుకుని లేబుల్ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఈ కోడి కెలుకుడు ఎవరిదో నాకు తెలుసు అంది. డీనా చేత మళ్ళీ రాయిద్దామా అని ఎవరో అన్నారు. ముట్టుకుంటే చేయి విరుగుతుంది అంది అత్తయ్య.

ఆరీ నా వైపు చూశాడు. ఇంకా పూర్తిగా క్షమించలేదు. కానీ చూశాడు.

మార్చి 4

కాలువ గట్టున, చెత్తకుప్ప అంచున ఆ దొరకని రెండూ పూశాయి. ఊదా ఈకలు. లేబుల్ లేదు.

ఎవరికీ చెప్పలేదు. వాటి పేరు నేల్.