పేరు తెలియని క్యామ్‌లు

అక్కా,

నువ్వు వెళ్లిపోయి ఏడాది నిండింది. నీ కూతురు స్వాతి ఇవాళ చేసిన పని నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నీ తర్వాత మన తెలీబంధా పేట పిల్లలను ఆదివారాలు కొండరాళ్లు ఎక్కించడానికి తనే తీసుకువెళుతోంది. భన్‌పురిలో లారీలు నడిపే రావుగారు నిన్న ప్రేమగా ఒక సంచి తెచ్చి ఇచ్చారు. సంచి నిండా క్యామ్‌లు. రాతి పగుళ్లలో బిగిస్తే, ఎక్కేవాళ్లు జారినప్పుడు పట్టి ఆపేవి. ఎవరో వాడి అమ్మేసినవి. ఇక పెద్ద రాయి ఎక్కవచ్చని పిల్లలు గంతులేశారు.

ఇవాళ స్వాతి ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసింది. స్ప్రింగులు బాగానే ఆడుతున్నాయి. కానీ ఏ కంపెనీవో, ఎంత బరువు ఆపుతాయో చెప్పే ముద్ర ఒక్కదానిమీదా లేదు. తాడు తగిలించే పట్టీలు ఎండకు వెలిసి బిరుసెక్కాయి.

"అరే బేటీ, ఏక్‌దమ్ మజ్‌బూత్ ఉన్నాయి. నేనే వేలాడి చూసినా" అన్నారు, చూడ్డానికి వచ్చిన రావుగారు.

"మెల్లగా వేలాడితే ఆగుతాయి అంకుల్. పైనుంచి పడితే ఆగుతాయో లేదో తెలీదు. అది తెలుసుకోడానికి పిల్లల్ని ఎక్కించలేను."

ఆయన ముఖం చిన్నబోయింది. పిల్లలు అలిగారు. స్వాతి మాత్రం మెత్తబడలేదు. మరెవరి చేతిలోనూ పడకుండా పట్టీలు కోసేయడానికి ఆయన అనుమతి అడిగింది.

రావుగారు కత్తెర అందుకుని, పట్టీలన్నీ తనే కోశారు. వెళ్తూ గుమ్మంలో ఆగి అన్నారు:

"ఈ ఆదివారం నుంచి నా పోతీని, నా మనవరాలిని కూడా నీతోనే పంపుతా, బేటీ."

అక్కా, ఆ మాట నువ్వు వినాల్సింది.