అక్కాచెల్లెళ్ళ గుండ్ల మీద పట్టె

గుడిబండె,
కార్తీక సోమవారం.

అత్తమ్మ పాదాలకు కోడలు నేత్ర మొక్కి రాసుకొనేది. ఇక్కడ నేను, మీ కొడుకు, పాప సహన, కొత్తగా వచ్చిన దూడతో సహా అందరమూ బాగున్నాము. చింతామణిలో మీరూ, సుమా, పసిబిడ్డా సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. పైన మన పల్లె పేరు కాకుండా గుడిబండె అని ఎందుకుందో చెబుతాను. కంగారు పడొద్దు, ముందు కాఫీ తాగి కూర్చోండి.

ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, మీకు వినబడాలంటే నేను అరవాలి, అరిస్తే మీ కొడుకు వింటాడు. మన ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది హిందూపురం పక్కనుంచి కోడళ్ళుగా వచ్చిన మనిద్దరికే. మీ బిడ్డలు లోకేశ్, సుమ కన్నడ బడిలో చదివినవాళ్ళు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ రాసి చూపిస్తే వాళ్ళకు ముగ్గు గీతలే. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ఇది మీరొక్కరే చదువుకోండి.

మీ ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు. ఎనుము ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు మీరు చెప్పినట్టే ముందు పక్కింటి మునిశామప్పకు పంపినాను. రాగి వెన్నులు బాగా దిగినాయి గానీ కొండ గట్టు పక్కన చేను బాగలేదు. అక్కడ గరుకు ఇసుక మోకాటి ఎత్తున వచ్చి పడింది. సుమకు పత్యానికి ఎల్లిగడ్డ కారం చింతామణి బస్సులో పంపిస్తాను. చంటిదానికి పేరు మీరే పెట్టండి, లేకపోతే సినిమా పేరు పెట్టేస్తారు.

ఇంకొకటి కూడా అడిగినారు, "పట్టె కూడిందా?" అని. దానికి జవాబు రాయడానికి రెండు కాగితాలు చించేసినాను.

పెండ్లయిన కొత్తలో మీరే నన్ను పెరట్లోకి పిలుచుకొని పోయి చూపించినారు. కొండలోనుంచే లేచిన నిలువు బండ అక్క. దాని పక్కన మన్ను మీద కూర్చున్న ఇంటంత గుండు చెల్లెలు. రాగి కోతకు ముందు అక్క మీదనుంచి చెల్లెలి మీదికి ఒకే గీతగా సున్నం పట్టె గీయాలి, పట్టె విడిపోతే ఇల్లు విడిపోతుంది అన్నారు. మామ అరచేతితో వెడల్పుగా గీసేవాడట. ఆయన పోయినాక మీరు మూడు వేళ్ళతో గీస్తూ వచ్చినారు. గీసే ముందు పాత పట్టెను పీచుతో రుద్ది రుద్ది కడిగేవారు. నేను నీళ్ళు తెచ్చి పెడితే "ఇంక నువ్వు పో" అనేవారు. మీ మడి మీది అనుకొని పోయేదాన్ని.

ఈ ఏడు ఆ పని నా చేతికొచ్చింది. వానలు ఎట్లా పడినాయో మీరు చూడలేదు. ఏడాదికి రావలసింది ఒక వారంలో కొండ మీద కుమ్మరించినట్టు పడింది. నీళ్ళు చెల్లెలి కాళ్ళ కింద దారి చేసుకున్నాయి. మన్ను ఎర్రగా కరిగి మన చేనిలోకి వచ్చేసింది. గుండు కింద నా చెయ్యి మోచేతిదాకా దూరింది. మనం దున్నే మన్నంతా ఒకప్పుడు ఆ కొండేనని మామ అనేవాడని మీరే చెప్పినారు. ఎండకు పొరలు లేచి, వానకు పొడి అయ్యి, కొండే కొంచెం కొంచెంగా మన చేనిలోకి దిగింది. ఆ మన్నులో పండింది తిన్నాము, కాదనను. కానీ ఆ రోజు చెయ్యి బయటికి తీసి, పాపను పెరట్లోకి రావద్దన్నాను.

తడిసిన గుండు మీద మీరు కడిగేసిన పట్టెలన్నీ మళ్ళీ తెల్లగా తేలినాయి అత్తమ్మా. సున్నం రాయిలోకి ఇంకితే పీచుకు పోదు. అక్క మీద అన్ని ఏండ్లదీ ఒకే చోట ఉంది. చెల్లెలి మీద మాత్రం ఒకదాని కింద ఒకటి, మెట్లు దిగినట్టు ఉన్నాయి. పైన మూడు వేళ్ళవి మీవి. అన్నిటికంటే కింద అరచెయ్యి వెడల్పున మామది. గుండు ఏటేటా కుంగుతూ ఉంది.

మీ కొడుకును పిలిచి చూపించినాను. "అమ్మ వచ్చేదాకా ఏమీ తాకొద్దు" అన్నాడు. మునిశామప్ప వచ్చి నవ్వినాడు.

"అది నీ మామ తాత పుట్టకముందునుంచి ఆడే ఉండాది కదమ్మా. ఇప్పుడు యాడికి పోతాది?"

"పోతాండాది కదప్పా. ఇట్లొచ్చి చూడు."

"కొత్త పట్టె గీసి టెంకాయ కొట్టు. అన్నీ సరిపోతాయి."

ఆ రోజు పెరట్లో కూర్చుని మీ ఉత్తరం మళ్ళీ చదివినాను. కొత్తగా గీసే పట్టె కూడక ఏం చేస్తుంది? చెయ్యి ఎట్లా పోతే అట్లా కూడుతుంది. పోయినేటి పట్టె విడిపోయి ఉండడం చూసినవాళ్ళే "కూడిందా" అని అడుగుతారు. మీకు తెలుసు అత్తమ్మా. మామ ఉన్నప్పటినుంచీ తెలుసు.

చాలా కోపమొచ్చింది, దాచను. సుమ రెండు కాన్పులకూ మీరే వాళ్ళ ఇంటికి పోయినారు గానీ దాన్ని పుట్టింటికి పిలవలేదు. లోకమంతా కూతుర్ని కాన్పుకు పిలుచుకొస్తుంది. దాన్ని గుండు కింద పడుకోబెట్టడానికి మనసొప్పలేదు, నా బిడ్డనైతే అక్కడే ఊపినారే అని ఏడ్చినాను. మీ చీర మడత పెడుతూ కూడా తిట్టినాను.

తిడుతూనే వెనక గదిలోకి పోయినాను. మీ మంచం గోడకు ఆనుకొని ఉంది. ఆ గోడకు అవతలే చెల్లెలు. నేను వచ్చిన రోజునుంచీ మమ్మల్ని ముందరి గదిలో పెట్టి, "నాకు వెనక చల్లగా ఉంటాది, మీరు ఆడే పండుకోండి" అని ఒక్క రాత్రి కూడా గది మార్చలేదు మీరు. చలికాలంలోనూ చల్లదనమే కావాలన్నారు. గుండు దొర్లి వస్తే ముందు మీ మీదికే రావాలని పడుకున్నారు. ఆ మంచం మీద కూర్చుని మళ్ళీ ఏడ్చినాను, ఈసారి తిట్టలేదు. మామ పోయి, ఇద్దరు బిడ్డలతో, ఆ ఇల్లూ ఆ చేనూ తప్ప ఏమీ లేనప్పుడు మీరు మాత్రం ఎక్కడికి పోతారు?

ఇప్పుడు నేను చేసింది చెబుతాను. మీరు చెప్పినట్టు చెయ్యలేదు. కొత్త పట్టె గీయలేదు. సున్నం కలుపుకొని, చెల్లెలి మీద పాత పట్టెలన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ దిద్దినాను. మీవి మూడు వేళ్ళతోనే, మామది అరచేతితోనే. దారిన పోయేవాళ్ళకు కూడా కనబడేట్టు తెల్లగా పెట్టినాను. మీరు ఇన్నేండ్లు కడిగినదాన్ని ఊరికి చూపినాను.

మునిశామప్ప మళ్ళీ వచ్చినాడు. మామ పట్టె మీద చెయ్యి పెట్టి చూసినాడు. మామ గీసేటప్పుడు సున్నం కుండ పట్టుకున్నది తనేనట. పట్టె అప్పుడు తన గుండెల ఎత్తున ఉండేదట, ఇప్పుడు మోకాలి దగ్గరుంది. "మీ అత్తకు ఇది తెలీదామ్మా?" అని అడిగినాడు. "ఆయమ్మకు చూపు ఆనదు కదప్పా, ఏం తెలుస్తాది?" అన్నాను. మీ కొడుక్కీ అదే అబద్ధం చెప్పినాను. ఎవరడిగినా మీరూ అదే చెప్పండి. తెల్లవారి మునిశామప్ప తన ఆవుల్ని తోలుకొని పోయినాడు, ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా సర్దుకున్నారు.

మేము గుడిబండెలో బస్టాండు వెనక బాడుగ ఇంట్లో ఉన్నాము. ఎనుమును కూడా తెచ్చుకున్నాము. మీ కొడుకు పొద్దున్నే చేనికి పోయి చీకటి పడకముందే వస్తాడు. గుండు ఇంకా పడలేదు. ఈ ఏడు పడకపోవచ్చు, మనందరి తరువాత పడొచ్చు. ఎగతాళి చేసేవాళ్ళు చేస్తాండారు, చేయనీ. పట్టె విడిపోతే ఇల్లు విడిపోతుందని మీరు భయపడినారు. ఇల్లు వదిలిన మాట నిజమే. తాళం వేసేటప్పుడు మీ కొడుకు వెనక్కి చూడలేదు, నేనే చూసినాను.

నెల నిండినాక వస్తానన్నారు కదా. పల్లెకు టికెట్ తీసుకోవద్దు, గుడిబండెలోనే దిగండి. సహన రోజూ అవ్వ ఎప్పుడొస్తాదని అడుగుతా ఉంది. ఈ ఇంటికి వెనక గది లేదు అత్తమ్మా, ఉన్నది ఒకటే గది. మీ మంచం పాప పక్కనే వేసినాను.

ఇట్లు,
మీ మాట మీరి, మీ కోసం ఎదురుచూసే కోడలు
నేత్ర