మెత్తని పొర

మార్చి 3, సోమవారం

పొర బాగా వచ్చింది. వాక్యూమ్ అవెన్‌లోంచి తీసి వెలుతురుకు పట్టి చూస్తే ఉల్లిపొర కంటే పలచన, ఒక్క బుడగ లేదు. పాలిమర్‌లో లిథియం ఉప్పు కలిపి, టెఫ్లాన్ పళ్లెంలో పోసి ఆరబెట్టిన పొర, ల్యాబ్‌లో ఫిల్మ్ అంటాం. మామూలు బ్యాటరీలో మంట ఎగదోసేది లోపలి ద్రవం. దాని బదులు ఈ పొర పెట్టాలని మా ల్యాబ్ తాపత్రయం. వేడిలో పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గది వేడికి వచ్చిందా, బిగుసుకుపోయి, కరెంటు మోసే లిథియం అయాన్‌ను అడుగు కదలనివ్వదు. పొయ్యి మీద పెడితే తప్ప నడవని బండి ఎవరికి కావాలి?

ఇంటికొస్తే ఫోన్లన్నీ పెరట్లో, గిన్నెలు తోమే గట్టు మీద ఛార్జింగ్‌లో ఉన్నాయి. వదిన ఆర్డర్. చలికాలంలో ఆమె స్కూటర్ వరండాలో ఛార్జింగ్‌లో ఉండగా అంటుకుంది. ప్లగ్ లాగబోయి కుడిచెయ్యి కాల్చుకుంది. చర్మం మానింది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఫిజియోథెరపిస్టుకు చెయ్యే కదా పనిముట్టు. ఇల్లిల్లూ తిరిగి, మంచం పట్టినవాళ్లను లేపి నడిపించే మనిషి, ఇప్పుడు సోఫాలో కూర్చుని స్పాంజి బంతి పిసుకుతోంది. పనికి వెళ్లొచ్చని డాక్టర్ అన్నాడు. బండి మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

నేనూరుకున్నానా? నా పొరతో చేసిన బ్యాటరీ అలా అంటుకోదు వదినా, కొన్నాళ్లు ఆగు, మొదటిది నీ బండికే అన్నాను. నోటికి హద్దుండాలి.

మార్చి 5

గది వేడిలో పనిచేసింది.

మార్చి 6

పొరను మెత్తబరిచే ప్లాస్టిసైజర్ కాస్త ఎక్కువ వేశాం. పొర మెత్తబడింది, అయాన్లు కదిలాయి. అంతే సంగతి. నాతో పనిచేసే అబ్బాయిని అందరం తొందర అంటాం. తొందర అప్పుడే పేపర్‌కు టైటిల్ కూడా పెట్టేశాడు. మేడమ్ మాత్రం సైక్లింగ్ చూశాక మాట్లాడదామన్నారు. అంటే ఛార్జ్, డిశ్చార్జ్, మళ్లీ ఛార్జ్, అలా వదిలేసి చూడటం. మేడమ్ మా ల్యాబ్ హెడ్. ఆవిడ మెచ్చుకున్నా మందలించినట్టే ఉంటుంది.

ఆగలేక వదినకు చెప్పేశాను. బంతి పిసకడం ఆపి, ఎప్పుడొస్తుందని అడిగింది. త్వరలోనే అన్నాను. మా చెల్లి ఫిల్మ్ రిలీజ్ డేట్ ప్రకటించిందహో అని అన్నయ్య దండోరా వేశాడు.

తర్వాత వదిన ఎవరికో ఫోన్ చేసింది. ఆమె పాత పేషెంట్, రిటైరైన బస్సు డ్రైవర్. పక్షవాతం. వదిన వచ్చేదాకా ఇంకెవర్నీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వనని మొండికేశాడట. మా ఆడపడుచు కాలని బ్యాటరీ తయారుచేస్తోంది, అది రాగానే వచ్చేస్తానని వదిన ఆయనకు చెబుతోంది. అడ్డుపడాల్సింది. సంతోషంలో ఉన్నాను, పడలేదు.

మార్చి 12

సైక్లింగ్ నడుస్తోంది. చూస్తే గ్రాఫ్ బాగుపడుతుందా ఏం? అయినా చూడకుండా ఉండలేను. టీకి వెళ్తాను, సగం తాగి వచ్చేస్తాను. గాలి చొరని గ్లవ్ బాక్స్ తొడుగుల్లో చేతులు పెట్టి, ఏం చేయబోయానో మర్చిపోయి తీసేస్తాను. అరికాళ్ల కింద నిప్పులున్నట్టుంది. కుదురుగా కూర్చోమని తొందర నాకు చెప్పాడు. తొందర!

మార్చి 18

గీత వణికింది. తిన్నగా పోతున్న వోల్టేజ్ గీత, చలిజ్వరం వచ్చినట్టు. తర్వాత ఒక్కసారిగా పడిపోయింది.

టెస్టుకు పెట్టినవాటిలో ఆ బ్యాటరీ సెల్ విప్పి చూశాను. పొర మధ్యలో నల్లచుక్క, ఆవగింజలో సగం ఉంటుంది. లిథియం ముల్లు. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం సమంగా పరుచుకోకుండా అక్కడక్కడా ముళ్లలా మొలుస్తుంది. పొర గట్టిగా ఉంటే ఆపుతుంది. మెత్తగా ఉంటే గుచ్చుకుని అవతలికి దిగుతుంది. దిగిందంటే షార్ట్.

గట్టిగా ఉంటే అయాన్ కదలదు. మెత్తగా ఉంటే ముల్లు దిగుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

తొందర ఒక్క సెల్ చూసి బెంబేలు పడొద్దన్నాడు. అంచు సరిగ్గా కూర్చోలేదేమో అన్నాడు. నమ్మాలనుంది.

మార్చి 19

మిగతావీ పోయాయి. అన్నిట్లోనూ అదే చుక్క.

మేడమ్ కోప్పడలేదు, దానికే భయమేసింది. పొరలో పాలిమర్ గొలుసులన్నిటినీ ఒకదానికొకటి ముడివేసి చూద్దాం, మొదట్నుంచీ మొదలుపెట్టండన్నారు. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. ఎన్నేళ్లని అడుగమ్మా అన్నారు.

భోజనాల దగ్గర వదిన అడిగింది. టెస్టులు నడుస్తున్నాయన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

మార్చి 21

ఇవాళా చెప్పలేదు.

మార్చి 23, ఆదివారం, ఉదయం

వదిన స్నానానికి వెళ్లింది, ఫోన్ నేనెత్తాను. డ్రైవర్ గారి కూతురు. నేను ఫలానా అనగానే, ఆ బ్యాటరీ అమ్మాయివి నువ్వేనా తల్లీ, ఎప్పుడొస్తుందది అంది. నాన్న మంచం దిగడం మానేశాడంది. ఎడమ భుజం బిగుసుకుపోయిందట, చొక్కా తొడగబోతే అరుస్తున్నాడట. ఎవరైనా వస్తే, మా డాక్టరమ్మ కొత్త బండి మీద వస్తుంది, మీరు దయచెయ్యండి అంటున్నాడట.

నా బ్యాటరీ కోసం ఒక మనిషి బిగుసుకుపోతున్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

చెప్పేశాను. ముల్లు గురించి, చుక్క గురించి, ఏళ్ల గురించి. వదిన చివరిదాకా వింది. తర్వాత ఎప్పుడు తెలిసిందని అడిగింది. మంగళవారం అన్నాను.

"మంగళవారం నుంచి నా ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తిన్నావే?"

అన్నయ్య లేచి పెరట్లోకి పోయాడు. కాసేపటికి ఆమే అడిగింది, మామూలు బండి ఎక్కితే మళ్లీ కాలుతుందా అని. కాలదని చెప్పలేను, అలా జరగడం చాలా అరుదని చెప్పగలను అన్నాను. నీ బండికి అంతకుముందు వానల్లో అడుగున దెబ్బ తగిలింది, బ్యాటరీలోకి నీళ్లు పోయి ఉంటాయి, కాలడానికి ముందు ఏదో వాసన వచ్చిందన్నావే, అది అందుకే అయి ఉంటుంది అన్నాను. ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. కొత్తది కనిపెట్టే హడావిడిలో పాతదాని గురించి తెలిసింది చెప్పడం మానేశాను.

"నా పేషెంట్లకు, మీరు కింద పడరని నేనెప్పుడూ చెప్పను," అంది వదిన. "పట్టుకుంటానని చెబుతాను. నువ్వూ అంతవరకే చెప్పాల్సింది."

మార్చి 24

వదిన బస్సులో వెళ్లింది. సాయంత్రం వాడిపోయి వచ్చింది. పెద్దాయన ముందు తిట్టిపోశాడట, తర్వాత ఏడ్చాడట, చివరికి పాదం నేల మీద పెట్టాడట. కుడిచేతి పట్టు చాలక ఆయన్ని భుజంతో ఆనించుకుందట. ఆ భుజానికి వేడినీళ్ల కాపడం నేను పెట్టాను.

ఏప్రిల్ 2

బస్సులో రోజుకు ఒక్క ఇంటికే వెళ్లగలుగుతోంది. ఇంకా ఇద్దరు ఎదురుచూస్తున్నారు. అందుకని స్నేహితురాలి బండి తెచ్చింది, ఎలక్ట్రిక్‌దే. అడుగున పడుకుని చూసి చెప్పమంది. చూశాను. కేసు పగల్లేదు, ఎక్కడా ఉబ్బలేదు, కనెక్టర్ శుభ్రంగా ఉంది. చెప్పాను.

వెనక కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను. బ్యాటరీలు చేసే మనిషిని, అడుగు వెనక్కి వేశాను. ఆ ముళ్లన్నీ సీటు కింద మొలుస్తున్నట్టనిపించింది. వదిన ఆ బండి మీద ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్మంది.

ఏప్రిల్ 9

ముడివేసిన పొర అప్పడంలా విరిగింది.

ఏప్రిల్ 11

తొందర ఇంకో ముడి పద్ధతి తెచ్చాడు. ఈసారి టైటిల్ పెట్టలేదు. పోశాం, ఆరుతోంది.

పొద్దున వదిన వెనక కూర్చుని ల్యాబ్‌కు వచ్చాను. దారిపొడుగునా ఆమె నడుం గట్టిగా పట్టుకున్నాను. చీర నలిపేశావని తిట్టింది. మునుపటి తిట్టే.

ఏప్రిల్ 24

డ్రైవర్ గారు గేటు దాకా నడిచాడట. బండి చుట్టూ చూసి, చప్పుడు లేని బండీ ఒక బండేనా అన్నాడట. ఎక్కించమన్నాడట. వదినా కూతురూ చెరోపక్క పట్టుకుని కూర్చోబెట్టారట. హారన్ నొక్కాడట, వేలు తియ్యలేదట. వీధిలో వాళ్లంతా బయటికొచ్చారట.

ఇంకా నొక్కుతూనే ఉన్నాడేమో.