రెండూ నిజమైతేనే మోగే గంట

ఉధనా, సూరత్
ఏప్రిల్ 2021

ప్రియమైన బాపూ,

కరోనా అని నువ్వు గదిలో తలుపేసుకున్నావు, దగ్గీ దగ్గీ గొంతు కూడా పోయింది, ఇక మనకు తలుపు సందులోంచి చీటీలే గతి. ఆన్‌లైన్ క్లాసులో నేర్చుకున్నదానితో నీ కోసం ప్రోగ్రాం రాశాను. రోజూ జ్వరం, ఆక్సిజన్ ఎంతో రాసి పంపు. జ్వరం నూటొకటి దాటి, 'యాండ్', ఆక్సిజన్ తొంభై నాలుగు కంటే తగ్గితే లాప్‌టాప్ గంట కొడుతుంది. వెంటనే అంబదాస్ కాకా ఆటోలో ఆస్పత్రికి! ఏది పెద్దదో చూసే గుర్తు కాకి ముక్కులా ఉంటుంది, తెరిచిన నోరు పెద్దదాని వైపు.

నీ సుమన

ప్రియమైన బిడ్డా,

కాకి ముక్కు మంచిగున్నది. జ్వరం నూటరెండు, ఆక్సిజన్ తొంభై ఆరు. మరి గంట మోగలేదేంది? 'యాండ్' అంటే రెండూ నిజం గావాల్నా? ఒకటి అబద్ధమైతే మొత్తం అబద్ధమేనా? జర వివరంగ రాయి, ఒక్కన్నే పండి తోస్తలేదు.

మీ బాపు

ప్రియమైన బాపూ,

అంతే! ఒక్కటి అబద్ధమైనా గంట మోగదు. 'ఆర్' అయితే ఒక్కటి నిజమైనా చాలు. 'నాట్' అని ఇంకోటుంది, అది రేపు చెబుతాను. నా క్లాసులో ఉంటే ఫస్టు నువ్వే.

నీ సుమన

ప్రియమైన బిడ్డా,

జ్వరం తొంభై ఎనిమిది, ఆక్సిజన్ తొంభై ఒకటి. పరేషాన్ గాకు, నీ ప్రోగ్రామే ఊకున్నది గదా. అన్నం వద్దు, జావ చాలు.

మీ బాపు

బాపూ,

జావ గిన్నెలో ఖాళీ గోళీల పట్టీ వచ్చింది. జ్వరం గోళీ మింగి, చెమట పట్టాక థర్మామీటర్ పెట్టుకుంటున్నావు కదూ? ఒకటి అబద్ధం చేస్తే చాలని నేర్పింది నేనే, నా బుద్ధిని ఏమనాలి!

నిరుడు అమ్మ ఆస్పత్రికి నడుచుకుంటూ వెళ్ళి తిరిగి రాలేదు. నీ భయం అదే. నాకూ భయమే బాపూ, కానీ నువ్వు కూడా లేకపోతే నాకెవరున్నారు? మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఆపేస్తావు, రెండోది తెగేదాకా చూస్తావా?

'ఆర్' పెట్టాను. మోగుతోంది, వినిపిస్తోందా? నేను ఆపను. కాకా కింద ఆటోలో ఉన్నాడు. తలుపు తియ్యి.

సుమన

వార్డు నుంచి

ప్రియమైన బిడ్డా,

ఆక్సిజన్ పెట్టిన్రు. మీ అమ్మ పోయిన గేటులకెల్లి పోతుంటే కండ్లు మూస్కున్న. నీ మీద మస్తు కోపమొచ్చింది. ఇయ్యాల పొద్దున లేచి రెండు ఇడ్లీలు తిన్న, కోపం పోయింది.

ఆ 'నాట్' అంటే ఏందో కాకాకు రాసియ్యి, ఇక్కడ అసలు తోస్తలేదు. నేను రాస్తే నువ్వెట్లాగూ నమ్మవని, ఇయ్యాల్టి ఆక్సిజన్ సిస్టర్‌తోనే కింద రాయించిన. తొంభై అయిదు, గుజరాతీ అంకెలల్ల, నువ్వు బడిల నేర్సుకున్నవే.

మీ బాపు

૯૫