అమ్మ అడిగిన గార పళ్ళు

పావగడ, మంగళవారం రాత్రి

అమ్మ కట్టుడు పళ్ళు ఈరోజు నా పళ్ళ షాపులో నేనే చేశాను. యాక్రిలిక్ పొడిలో ఘాటు వాసన లిక్విడ్ కలిపి, ముద్దను అచ్చులో నొక్కి, నీళ్ళలో ఉడికించాను. తెల్లటి పళ్ళ చుట్టూ గులాబీ రంగు చిగుళ్ళు గట్టిపడ్డాయి.

పెట్టుకుని అద్దంలో చూసుకోగానే అమ్మ నోరు మూసేసింది.

"ఇంత తెల్లగానా? మనూళ్ళో ఎవురికుండాయి నాయనా? నవ్వుతారు. నా గార పండ్లే చెయ్యి."

"ఇది యాక్రిలిక్కమ్మా. ఏ బోరు నీళ్ళు తాగినా ఆ గార రాదు."

"అయితే నువ్వే పట్టించు."

కరువని బోరు ఇంకా లోతుకు దించారు. అందులో ఫ్లోరైడు ఉందా అని ఒక్కడూ చూడలేదు. ఆ నీళ్ళే అమ్మ పళ్ళు తినేశాయి, నడుము వంచేశాయి. ఎవణ్ణి తన్నాలి?

ఒక్కో పన్ను సన్నగా గీరి, గోధుమ రంగు కలిపిన ముద్ద నింపాను. నమూనా కోసం ఎక్కడికీ పోలేదు. అద్దంలో నా పళ్ళే చూసుకున్నాను.