వైరున్న కంట్రోలర్

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన పాత ఆట కంప్యూటర్లో దొరికింది. కీబోర్డుతో ఆడబోతే వేళ్లు ఒప్పుకోలేదు. అందుకే బజారుకెళ్లి, చిన్నప్పుడు మనం పెరిగిన హాడో క్వార్టర్స్‌లో మనకున్నదానిలాగే రెండు ఎర్ర బటన్లున్న కంట్రోలర్ ఎంచుకున్నాను.

"పురానా మోడల్ దీదీ, వైర్‌లెస్ తీసుకోండి," అన్నాడు షాపతను.

వద్దన్నాను. నా వైరు లాగేసి, పాయింట్లన్నీ ఏరుకుని గెలిచేదానివి నువ్వు.

"ఒకటి చాలా?"

"రెండివ్వు భయ్యా. అక్కకూ నాకూ," అనేశాను.

ఇంటికొచ్చి ఇద్దరాడే ఆట పెట్టాను. నా బొమ్మ ముందుకెళ్లింది, నీది నిలబడిపోయింది. ఇద్దరూ కలిసి నడిస్తేనే తెర కదులుతుందన్న సంగతి మరిచిపోయాను. నీ కంట్రోలర్ కూడా ఒళ్లో పెట్టుకుని, కాసేపు నిన్నూ కాసేపు నన్నూ నడిపిస్తూ వంతెన దాటించాను.