తొమ్మిది నిమిషాలు

మార్కాపురం,
సెప్టెంబరు 10, 2023.

ప్రియమైన బావకు,

నిన్న ఫోన్‌లో నువ్వు నాలుగు మాటలు మాట్లాడి పది నిమిషాలు దగ్గావు. నర్సమ్మ ఫోన్ లాక్కుని నన్ను కోప్పడింది. అందుకని ఇక ఫోన్ చేయను, ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయి. రాయడానికి ఊపిరితో పనిలేదు కదా.

ఇప్పుడు చెప్పేది నవ్వకుండా చదువు. నేను పరుగు పందేనికి పేరిచ్చాను.

బళ్లో నేను వంట ముగించి గిన్నెలు కడుగుతుంటే ఆటల టీచరు పుష్పమ్మ మేడం వచ్చి చెప్పింది. జనవరి ఆఖరి ఆదివారం ఒంగోలులో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉందట. పరిగెత్తేవాళ్లు ఏదైనా మంచి పనికి చందాలు పోగు చెయ్యొచ్చు. మూడు గంటల లోపు చేరుకున్నవాళ్లకి, ఎంత పోగైతే అంత, పందెం పెట్టే ట్రస్టు వాళ్లు కలిపి ఇస్తారు.

మీ డాక్టరు నాతో అన్నమాట నీకూ తెలుసు. "రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందమ్మా, దానికి మందు లేదు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోగలిగితే తీసుకుపో. లేకపోతే ఇక్కడే ఉండనీ" అన్నాడు. మన వీధిలో సుబ్బయ్య మామది కూడా నీ జబ్బే. చందాలతో ఒక మిషను, ట్రస్టు కలిపేదాంతో ఇంకోటి. ఒకటి మామకు, ఒకటి నీకు. ఇంతకంటే వేరే దారి నాకు కనపళ్లేదు.

మొన్న తెల్లారుజామున మేడం పాత బూట్లు వేసుకుని, చుడీదారుతో కంభం రోడ్డు పట్టాను. పెట్రోలు బంకు దాకా పోయేసరికి వాంతయింది. తిరిగొస్తుంటే కొళాయి దగ్గర కాశమ్మ బిందె దించి, "ఏమే రత్నం, ఎవుర్ని తరుముతుండావే?" అంది. పక్కనున్నావిడ ఇంకా గట్టిగా, "మొగుడు ఆస్పత్రిలో ఉంటే దీనికిదేం పోయేకాలం!" అంది. నేను కొళాయి కింద మొహం కడుక్కుని వచ్చేశాను.

నువ్వు వద్దంటే మానేస్తాను. కానీ వద్దనకు.

నీ రత్నం

---

గుంటూరు, ఛాతీ వార్డు,
సెప్టెంబరు 19.

ప్రియమైన రత్నానికి,

నవ్వొద్దన్నావు గానీ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే నర్సమ్మ వచ్చింది. పక్క మంచం రసూల్ అడిగితే చెప్పాను. రసూల్ మన పలకల ఫ్యాక్టరీ వాడే, పలకలు నునుపు చేసే మిషను మీద ఉండేవాడు. "మా లాల్బీ ఇంటి ముందర నుంచి మసీదు వీధి దాకా పోవాలన్నా ఆటో పిలుస్తాది. నీ పెండ్లాం ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తుతాదా?" అని వాడూ నవ్వాడు. ఈ వార్డులో ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

వద్దని చెప్పడానికి కలం పట్టుకున్నాను. ముప్పై ఆరేళ్ల మనిషివి, బళ్లో వందమందికి వండి నిలబడే కాళ్లు అవి. అవి కూడా పాడైతే మన ఇంట్లో నిలబడేవాళ్లు ఎవరుంటారు? కానీ నిన్న డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు మళ్లీ అడిగాను, ఇంటికెప్పుడు పంపుతారని. "మిషను ఏర్పాటైందా?" అని అడిగి ముందుకు వెళ్లిపోయాడు. అందుకని వద్దని రాయలేకపోతున్నాను.

ఊపిరి సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు, ఇప్పుడు మరీ. విను. ఫ్యాక్టరీలో చేరకముందు, గనిలోంచి రాయి నెత్తిన పెట్టుకుని పైకెక్కేటప్పుడు మూడడుగులకు గాలి పీల్చి, మూడడుగులకు వదిలేవాళ్లం. మొదట్లోనే ఉరికినవాడు సగం మెట్లమీద కూలబడేవాడు. నువ్వు పక్కవాళ్లను చూడొద్దు. నీ అడుగులు నువ్వు వెయ్యి.

రెండు మిషన్ల మాట సుబ్బయ్య చిన్నాయనతో అప్పుడే అనకు. ఆశ పెట్టి తియ్యడం మంచిది కాదు.

అన్నం తిని పరిగెత్తకు. సద్దరొట్టె ఒక ముక్క తుంచుకుని తిని పో.

నీ బావ

---

మార్కాపురం,
నవంబరు 20.

ప్రియమైన బావకు,

మామతో ముందే చెప్పేశాను. నీ ఉత్తరం రెండురోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే అరుగుమీద కూచుంటున్నాడు. నేను పరుగునుంచి తిరిగొచ్చేదాకా లోపలికి పోడు. "ఈ పొద్దు ఏడదాకా పోయినావు రత్నం?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటకి మూడుసార్లు ఆగుతాడు. గురవమ్మత్త ఆయన వీపు రాస్తూ నిలబడుతుంది.

ఈ ఆదివారం తర్లుపాడు రోడ్డులో పద్నాలుగు కిలోమీటర్లు పోయాను. ఆగకుండా కాదు, రెండుచోట్ల నడిచాను. నువ్వు చెప్పినట్టు మూడడుగులు, మూడడుగులు. మేడం స్కూటీమీద వెనకాలే వస్తుంది, నీళ్లసీసా పట్టుకుని. కుడి మోకాలు పల్లం దిగేటప్పుడు పీకుతోంది. వేడినీళ్ల కాపడం పెడుతున్నాను, కంగారుపడకు.

చందాలకు మేడం, నేను బజారంతా తిరిగాం. బట్టల కొట్టు గోవిందయ్య శెట్టి ఇచ్చాడు. ఇచ్చేముందు కళ్లజోడు సర్దుకుని అడిగాడు: "మిషను మీ ఆయనకేనా తల్లీ, పలకల పనోళ్లందరికా?"

"పనోళ్లందరికీనయ్యా, వీధిలో పెడతాం" అన్నాను.

"అట్లయితే రాసుకో."

అప్పటినుంచి ప్రతి కొట్టు దగ్గరా అదే మాట చెప్పాను. వీధి పేరు చెప్తేనే చెయ్యి జేబులోకి పోతోంది. అబద్ధం కాదు కదా, రెండు వస్తాయి కదా అనుకున్నాను. నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీ ఓనరు కూడా ఇచ్చాడు. ఇచ్చి, పేరు మాత్రం ఎక్కడా రాయొద్దన్నాడు. నేను దణ్ణం పెట్టాను, పెట్టినందుకు ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

కాశమ్మ మొన్న తెల్లారి నా వెంట రెండు కరెంటు స్తంభాల దూరం పరిగెత్తింది. "ఇది నా వల్ల కాదమ్మో" అని కూలబడి నవ్వింది. ఇక ఏమీ అనడం లేదు.

నువ్వు ఎందుకు రాయడం లేదు?

నీ రత్నం

---

గుంటూరు,
డిసెంబరు 17.

రత్నానికి,

రసూల్ శుక్రవారం పోయాడు. పొద్దున పాలు తాగాడు, నాకు సగం బిస్కెట్టు ఇచ్చాడు. పది గంటలకు లేదు. వాడి భార్య లాల్బీ బస్సు దిగి వచ్చేసరికి మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఆ పిల్ల ఆ మంచం చూసి, నన్ను చూసి, "అన్నా, ఈయన మంచం మార్చినారా?" అని అడిగింది. చెప్పడానికి నాకు గాలి చాలలేదు. చేతులు జోడించాను. దాంతో అర్థమైంది.

కూచుని రాయలేను, పడుకుని రాస్తే అక్షరాలు సరిగా రావడం లేదు. అందుకే రాయలేదు.

నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను ఇక్కడ పోనియ్యకు. బతకాలని అడగడం లేదు, ఆ ఆశ నాకు లేదు. మన ఇంట్లో, మన రేకుల కింద, నీ గొంతు వినపడేచోట పడుకోవాలని ఉంది. అంతే.

పందెం ఇంకా నలభై రెండు రోజులు.

బావ

---

మార్కాపురం,
ఫిబ్రవరి 8, 2024.

ప్రియమైన బావకు,

పందెమైన రోజే నీకు రాయాల్సింది. పది రోజులు రాయలేకపోయాను.

మూడు గంటల తొమ్మిది నిమిషాలు.

మొదటి ఐదు కిలోమీటర్లు అందరితో పాటు ఉరికాను. నువ్వు వద్దన్నదే చేశాను. అంతమంది జనం, మైకులు, చప్పట్లు. కాళ్లు నా మాట వినలేదు. పదిహేనో కిలోమీటరు దగ్గర మోకాలు పట్టేసింది. రోడ్డుపక్క కూచుని తువ్వాలుతో గట్టిగా కట్టుకుని లేచాను. నడిచాను, కుంటుకుంటూ పోయాను, మళ్లీ పరిగెత్తాను. ఆఖరి మలుపు తిరిగేసరికి పందెం ముగిసే గేటు తాళ్లు విప్పుతున్నారు. మేడం గట్టుమీద నిలబడి ఏడుస్తోంది. అది చూశాకే నాకు అర్థమైంది.

ట్రస్టాయన మంచివాడే. కుర్చీ వేయించాడు, మోకాలికి ఐసు పెట్టించాడు. "మీకొక్కరికి సడలిస్తే మిగతావాళ్లకి ఏం చెప్పనమ్మా" అన్నాడు. మేడం వాదించింది. నేను వాదించలేదు.

చందాలతో ఒక మిషను వచ్చింది. ఒకటే. మంగళవారం ఆటోలో తెచ్చారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. నేను మన ఇంట్లో దింపించాను. చూసి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. అట్ట కూడా విప్పకుండా నీ మంచం పక్కన పెట్టాను.

సాయంత్రం గురవమ్మత్త వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. ఆ అట్టపెట్టెను చూసింది. నేను ఏదో ఒకటి అంటుందని కాచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మహేశ్వర్లు ఎప్పుడొస్తాడంట?" అని నీ సంగతి అడిగింది.

"వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం అత్తా."

"మంచిది. రానీ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

మామ ఇప్పుడు అరుగుమీదకు రావడం లేదు. పడుకోలేడు, కూచునే ఉంటాడు, దిండ్లకు ఆనుకుని. నేను ఆ ఇంటిముందు నుంచి పోకుండా వెనక సందులోంచి బడికి పోతున్నాను.

వీధి పేరు చెప్పి అడుక్కున్నాను బావా. గోవిందయ్య శెట్టికి ఏమని చెప్పాలో నాకు తెలియదు. అయినా పద్దెనిమిదో తేదీ ఆదివారం అంబులెన్సు మాట్లాడాను. వచ్చి నిన్ను తీసుకొస్తాను. ఇది తప్పని నువ్వు నాకు రాయొద్దు. తప్పని నాకు తెలుసు. తెలిసే చేస్తున్నాను.

నీ రత్నం

---

గుంటూరు,
ఫిబ్రవరి 12.

ప్రియమైన రత్నానికి,

నీ ఉత్తరం అందింది. ఆదివారం వస్తానన్న ముక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మిగతాది తర్వాత చదివాను.

మిషను సుబ్బయ్య చిన్నాయన ఇంట్లో పెట్టెయ్యమని రాయాలి. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చించేశాను. నేను అంత మంచివాణ్ని కాదు రత్నం. నాకు ఇంటికి రావాలని ఉంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నాకు పదిహేనేళ్లప్పుడు నన్ను ఫ్యాక్టరీలో పెట్టించింది చిన్నాయనే. "ఎండలో కూలికి ఎందుకు పోతావురా, నీడపట్టున కూచొని చేసే పని ఇప్పిస్తా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. కోత మిషను దగ్గర తన పక్కనే కూచోబెట్టాడు. ఈ మంచం మీద ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. నీ ఉత్తరం చదివాక కూడా మొదట అదే అనిపించింది, ఆయనెందుకు ముందు పీల్చాలి అని. కానీ నా పక్కన కూచుని నేను పీల్చిన పొడే ఆయనా పీల్చాడు. నాకంటే పన్నెండేళ్లు ఎక్కువ పీల్చాడు. తెలిసి చేసిన మనిషైతే తనెందుకు కూచుంటాడు?

డాక్టరును అడిగాను. ఒక మిషను ఇద్దరం వాడుకోవచ్చా అని.

"అది ఒకరికి సరిపోయేదయ్యా. వంతులు వేసుకుంటే వంతు లేనప్పుడు పడిపోతారు. ఇద్దరూ తొందరగా పోతారు" అన్నాడు.

"ఎంత తొందరగా సార్?" అన్నాను. ఆయన నా చార్టు మీద ఏదో రాసి పక్క మంచానికి పోయాడు.

అందుకని ఇలా చెయ్యి. నా మంచం పక్కన ఇంకో మంచం వెయ్యి. నేను వచ్చేదాకా ఆగొద్దు. ఈ ఉత్తరం చేరిన రోజే అట్ట విప్పి, చిన్నాయన్ని మన ఇంటికి మోయించుకొచ్చి మిషను పెట్టు. గురవమ్మ చిన్నమ్మ ఒప్పుకోదు. నా మాటగా చెప్పు, ఆయన ఒక్కడి కోసం కాదు, నాకు ఒంటరిగా భయంగా ఉందని చెప్పు. అది నిజం. ఆదివారం నేను వచ్చాక వంతులు వేసుకుంటాం. డాక్టరు చెప్పిందంతా వాళ్లకు చెప్పాలి. దాచొద్దు. వద్దంటే వాళ్లిష్టం.

తొమ్మిది నిమిషాల గురించి నీకు అబద్ధం చెప్పను. నేనూ తలుచుకున్నాను. మోకాలు ఇంకొంచెం ఆగి పట్టి ఉంటే, ఆ తాళ్లు ఇంకొంచెం ఆగి విప్పి ఉంటే అని ఒక రోజంతా అదే అనుకుంటూ పడుకున్నాను. నీ మీద మాత్రం కోపం రాలేదు. నువ్వు ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయావన్నది నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంటికొచ్చాక నన్ను మాట్లాడించకు. నేను మాట్లాడలేను. నువ్వు మాట్లాడు. ఆ పందెం సంగతి ఉత్తరంలో నాలుగు ముక్కల్లో తేల్చేశావు. ఎవరెవరు వచ్చారు, దారి ఎట్లా ఉంది, తువ్వాలు కట్టుకుని లేచేటప్పుడు ఏమనుకున్నావు, అన్నీ మొదటినుంచి చెప్పు. చిన్నాయనా వింటాడు. రెండు మంచాల మధ్య పీట వేసుకుని కూచుని, మెల్లగా చెప్పు.

ఆదివారం పెందలాడే రా.

నీ బావ,
ఉమామహేశ్వర్లు